తీగ చల్లారేదాకా

"మళ్ళీ కొలవండి మేడమ్. ఇది తప్పు."

పరిశీలకుడు కాగితం పక్కకి నెట్టేశాడు. ఫిజిక్స్ టీచర్ దలెందా ఇనప తీగకి మళ్ళీ క్లిప్పులు తగిలించింది. తాళంచెవులతో గుమ్మంలో నిలబడ్డ ల్యాబు అటెండరు బెల్గాసెమ్‌కి ఒళ్ళు మండింది. పిల్లలు వెళ్ళి గంట దాటింది. పరీక్షల ముందు పరికరాలు చూసిపొమ్మని పై ఆఫీసు పంపిన మనిషి ఒక్క తీగ పట్టుకుని వేలాడుతున్నాడు!

"పొడవు పెరిగితే నిరోధం పెరిగింది. లావు తీగకి తగ్గింది. తేలిపోయిందిగా సార్?" అంది దలెందా.

"మరి వేడి? కరెంటు ఆపకుండా కొలిచారు. తీగ కాలుతోంది. చల్లారనివ్వండి."

"ఎంతసేపు?"

"చల్లారేదాకా."

స్విచ్చి ఆపి, బల్లకి చెరోవైపు కూర్చున్నారు. ఇద్దరూ తీగనే చూస్తున్నారు. కాసేపయ్యాక కొలిస్తే లెక్క సరిగ్గా వచ్చింది.

"ఇంకొక్కసారి," అన్నాడతను.

బెల్గాసెమ్‌కి జాలేసింది. దలెందా ట్యునీషియా దక్షిణపు కొసనున్న ఈ తతావిన్ ఊరికి వచ్చి ఐదేళ్ళయింది. భర్త ఉద్యోగం దేశానికి ఆ చివర, ఉత్తరాన బిజెర్త్‌లో. ఏటా బదిలీకి అర్జీ పెడుతుంది, ఏటా అది తిరిగొస్తుంది. ఆ భర్తని ఈ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు. మధ్యాహ్నాలు ఈ ల్యాబులోనే ఒంటరిగా రొట్టె తింటుంది.

"తెలిసినవాడెవడైనా వచ్చుంటే ఇంత సతాయించేవాడు కాదు తల్లీ," అన్నాడు ఆమె చెవిలో. "అయినవాళ్ళు పనిచేసే బడికి ఈ పరిశీలకుల్ని పంపరాయె!"

దలెందా తల వంచుకుంది.

మూడోసారి కొలిచాక స్విచ్చి ఆపలేదామె. ఆపడం మర్చిపోతే పిల్లల్ని చీల్చి చెండాడే మనిషి! చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి వెనక్కి రావడం బెల్గాసెమ్ కళ్ళారా చూశాడు.

"అయ్యో, మళ్ళీ వేడెక్కింది సార్."

"పర్లేదు. ఆగుదాం."

పరిశీలకుడు కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. బెల్గాసెమ్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. ఇదా సంగతి!

వీధిలో వ్యాను హారన్ మోగింది. ఉత్తరానికి పోయే ఆఖరి బండి. పరిశీలకుడు గబగబా సంతకం చేశాడు. సంచీ తగిలించుకుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"వెళ్ళొస్తాను మేడమ్."

"జాగ్రత్త," అంది దలెందా.

వ్యాను చప్పుడు దూరమయ్యేదాకా ఆమె కిటికీ వదల్లేదు. చెంపలు తడిశాయి. బెల్గాసెమ్ ఇక ఆగలేకపోయాడు.

"తప్పమ్మా. కూతురిలాంటి దానివని చెబుతున్నా. అక్కడ మీ ఆయన నీకోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తుంటే..."

"ఎదురుచూడలేకే మా ఆయన ఇలా వచ్చారు బాబాయ్."