గాలి తియ్యడం

"ముట్టుకోకు!"

తండ్రి అరుపుకి, రేడియేటర్ మూత మీదికి వెళ్లిన కూతురి చెయ్యి ఆగిపోయింది.

"ఇంజన్ కాగుతుండగా మూత తిప్పితే మొహం ఉడికిపోతుంది. ఈమాత్రం తెలీకుండానే మెకానిక్‌నవుతానని ఇన్నేళ్లు నా ప్రాణం తోడేశావా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తన మెకానిక్ షెడ్డు గుమ్మం తొక్కినప్పుడల్లా "ఆడపిల్లకి ఈ మసెందుకు, ఇంటికి పో" అని తరిమిన మనిషి, ఈ పొద్దున తనే పిలిచి "ఇంటి కారుకి రేడియేటర్ మార్చాలి, నువ్వే చెయ్యి" అన్నాడు. అలాంటి రోజున నాలుగు తిట్లు ఒక లెక్కా!

ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. స్పానర్ నట్టు మీద కూచోవడం లేదు. అందుకే స్టూలేసుకుని నోటితో పని చేయిస్తున్నాడు.

ఇంజన్ చల్లారాక ఆమె అడుగు ప్లగ్గు విప్పి, తుప్పు రంగు నీళ్లు టబ్బులోకి వదిలింది. పై గొట్టం సులువుగానే ఊడింది. కింది గొట్టం మొండికేసింది.

"లాగకు, తిప్పు. బలం కాదు, ఒడుపు."

తిప్పింది. గొట్టం ఊడి, మిగిలిన నీళ్లన్నీ మోచేతి మీదుగా ఒంటి మీదికొచ్చాయి. ఆయన నవ్వలేదుగానీ మీసం కదిలింది.

"పాతది పైకి లాగాలి. ఇంట్లోంచి మా ఆయన్ని పిలవనా నాన్నా?"

"అల్లుడెందుకు? నువ్వు చాలు."

ఆ మాటకి ఆమెకి ఏనుగంత బలం వచ్చింది. పాతది ఒక్కతే ఎత్తి గోడకి చేరేసింది. కొత్తదాన్ని రబ్బరు దిమ్మల మీద కూచోబెట్టి, బోల్టులు బిగించి, గొట్టాలకి క్లిప్పులేసి, అడుగు ప్లగ్గు మూసి, కూలెంట్ నింపింది.

"అయిపోయిందా నాన్నా?"

"నీ మొహం! అసలు పని ఇప్పుడే. లోపల గాలి ఉండిపోతే కొత్త రేడియేటర్ ఉన్నా లేనట్టే. హీటర్ మొత్తం తిప్పి స్టార్ట్ చెయ్యి."

గాలి స్క్రూ వదులు చేసింది. బుసబుసమంటూ బుడగలు.

"మూసెయ్యనా?"

"ఆగు. బుడగ లేని ధార రావాలి."

పై గొట్టాన్ని పిసికింది. కాసేపటికి రేడియేటర్ మూతి దగ్గర కూలెంట్ మట్టం గుటుక్కున దిగిపోయింది. మళ్లీ పోసింది. మళ్లీ దిగింది, మళ్లీ పోసింది. చివరికి స్క్రూ దగ్గర సన్నటి ధార, తెగకుండా వచ్చింది. స్క్రూ బిగించి, మూత పెట్టింది. ఫ్యాన్ దానంతటదే తిరిగి, దానంతటదే ఆగింది. వేడి ముల్లు మధ్యలో నిలబడి ఇక కదల్లేదు.

ఆయన లేచొచ్చి గొట్టాలన్నీ తడిమాడు. చుక్క కారలేదు.

"నా దగ్గర పదేళ్లు చేసినవాళ్లెవరూ ఇంత శుభ్రంగా చెయ్యలేదే!" అన్నాడు.

ఆమె ఇంజన్ ఆపి, బానెట్ దించింది.

"నా చేతులు చూశావుగా. రేపట్నించి షెడ్డుకి వెళ్లను." ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. "ముప్పయ్యేళ్ల పేరు, మూసెయ్యడానికి మనసొప్పలేదు. అందుకే ఇవాళ నీకు నేర్పింది."

ఆమె గ్రీజు చేతుల్ని చున్నీకి తుడుచుకుని, రెండూ కలిపి చాపింది. తాళాలు బరువుగా వచ్చి పడ్డాయి.

"నీ పేరు నిలబెడతాను నాన్నా!"

"నువ్వెందుకమ్మా? లోపలికెళ్లి మీ ఆయనకివ్వు. ఇవాళ నేర్చుకున్నదంతా మెల్లగా అతనికి చెప్పు. మామ దగ్గర నేర్చుకోవాలంటే నామోషీట!"