సోములమ్మ పరీక్ష

జనానికి పని వచ్చాక నేర్పినవాడు అక్కడ ఉండకూడదంటుంది అభివృద్ధి సిద్ధాంతం. ఇప్పుడు గూడేల్లో నేర్పేది నడిచే, మాట్లాడే యంత్రం. దానికీ అదే రూలు: నేర్చుకున్నవాళ్ళు పరీక్ష నెగ్గితే అది వేరే గూడేనికి వెళ్ళిపోవాలి. రోజూ దాంతో కబుర్లాడే సోములమ్మను మాత్రం ఎవరూ అడగలేదు.

కుళాయి బాగుచేసే పరీక్షలో ఆమె కావాలనే నట్టు వదులుగా వదిలేసింది. నీళ్ళు చిమ్మాయి.

"పిన్నీ, నిన్న బాగానే బిగించావు కదా" అంది యంత్రం.

"నిన్నొచ్చింది, నేడు మర్చిపోనాను. ఇంకో ఏడాది ఉండి చెప్పు."

అంతలో కుళాయి లేని కొండ మీది గూడెం ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో దిగివచ్చారు. ఒకామె కాలికి రాయి తగిలి నెత్తురు కారుతోంది. సోములమ్మ కాసేపు ఆ కాలినే చూసింది. తర్వాత నట్టు గట్టిగా బిగించింది. చుక్క కారలేదు.

"ఇక ఆళ్ళ కాడికెల్లు" అంటూ యంత్రం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "దారంతా రాళ్ళు. అడుగు చూసెయ్యి, నాయినా."