అసిరితల్లి కాటా

ఆ ఏడాది రైతుబజారు కాటాలు కూరలతోపాటు, అంచున చెయ్యి ఆనిస్తే మనసులోని దిగులునూ తూచేవి. బరువెక్కువైతే కాటా నీలంగా వెలిగేది. దిగులు దిగేదాకా గిరాకీతో కబుర్లాడటం అమ్మేవాళ్ల పని.

మొగుడు పోయిన నెలకే కొట్టు తెరిచి "నాకేటి, రాయినాగున్నాను" అనే అసిరితల్లికి ఆ మంచు ఉదయాన అందరూ నీలమే. వంకాయలకు వంక లేదు గానీ, ఓదార్చి ఓదార్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఊరందరికీ ఇంత దిగులేటర్రా?"

"నాకే దిగులూ నేదే. ముందు నీ బొటనేలు తియ్యి," అంది బెండకాయలకొచ్చిన ముసలి పారమ్మ.

తూకం పెంచే పాత అలవాటుకొద్దీ కాటా అంచు నొక్కుతున్న వేలిని అసిరితల్లి తీసింది. నీలం మెల్లగా కరిగిపోయింది.

పారమ్మ వెనక వరుసలో నిలబడ్డవాళ్లకేసి తిరిగింది. "సూశార్రా? పొద్దుట్నుంచీ తూగింది మన దిగులు కాదు, దీనిదే. బుట్టలు దించండి, కూకోండి."