ఐదో పూత

"రేపు సాయంత్రానికే బోర్డు కావాలంటే ఎలాగండీ? రంగు ఆరొద్దూ?" పెయింటర్ విసుక్కున్నాడు.

"ఆరకపోతే పక్కన కూర్చుని విసురు. రేపు ఈ వీధి పేరు మారుతోంది, అంతే," అన్నాడు పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి. ఆయన జీపు పెయింటర్ ఇంటి గుమ్మానికి అడ్డంగా ఆగి ఉంది.

మారుమాట్లాడితే మొదటికే మోసం. వీధి మొగన ఉన్న పాత రేకును పెయింటర్ దింపుకొచ్చి, వాకిట్లో వేసి గీకడం మొదలుపెట్టాడు.

"ఈ ఆకుపచ్చ పూత శాంతి వీధి అన్నప్పటిదండీ. ఆ ఏడే మా అబ్బాయి పుట్టాడు. దీని కింద ఎరుపు, విప్లవ వీధి. అప్పుడే నా పెళ్ళయింది. దాని కింద సేనాపతి వీధి, నా బడి రోజులు. అట్టడుగున రాణిగారి వీధి, మా నాన్న రాసింది. నేను పుట్టింది అందులోనే. ఇల్లు అంగుళం కదల్లేదు గానీ నాలుగు వీధుల్లో కాపురం చేశాం!"

తన మాటకు తనే నవ్వుకున్నాడు. అధికారి నవ్వలేదు.

లోపల పెయింటర్ భార్య కొడుకు పెట్టె సర్దుతూ కళ్ళు ఒత్తుకుంటోంది. అబ్బాయి సైన్యంలో చేరి ఏడాది కాలేదు. సెలవు ఈ పూటతో సరి. సరిహద్దులో ఏదో జరగబోతోందని వారం రోజులుగా ఊరంతా గుసగుసలే.

పెయింటర్ గొంతు తగ్గించాడు. "అయ్యా, నాకు కూలి వద్దు. మావాణ్ణి సరిహద్దుకి పంపకుండా చూడండి. ఒక్కగానొక్కడు."

"నేను వచ్చిన రెండో పని అదే. రేపు పొద్దున మీవాడికి ఇక్కడే, ఊరి వంతెన మీద కాపలా. వెళ్ళి జీపెక్కమను."

పెయింటర్‌కి ప్రాణం లేచొచ్చింది. "ఏమే, విన్నావా! మనవాడు ఊళ్ళోనే ఉంటాడట!"

అబ్బాయి బూట్లు టకటకలాడిస్తూ వచ్చాడు. "అమ్మా, రేపు రాత్రి నాకూ కలిపి వండు," అని జీపెక్కాడు. డ్రైవర్ జీపును సందు మలుపు తిప్పేశాడు. అధికారి మాత్రం స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పెయింటర్ హుషారుగా కుంచె అందుకున్నాడు. పేరు ఎప్పుడూ ఆఖర్నే రాయమని నాన్న నేర్పాడు. పెద్దవాళ్ళు రంగు డబ్బా మూత తీశాక కూడా మనసు మార్చుకుంటారు మరి.

"పేరు తర్వాత చెప్పండి. పైన ఏం రాయను?"

"అమరవీరుడు."

రాశాడు. "కింద?"

"పుట్టిన ఏడు, మరణించిన ఏడు. మరణం ఈ ఏడే అని రాయి."

"ఈ ఏడా? ఎవరండీ పాపం? మేం వినలేదే!"

"రేపు మధ్యాహ్నం రేడియోలో వింటారు."

కుంచె గాల్లోనే ఆగిపోయింది. ఎందుకో పెయింటర్ కళ్ళు ఖాళీ సందు వైపు వెళ్ళాయి.

"మరి... పుట్టిన ఏడు?"

అధికారి వంగి, రేకు అంచున ఇంకా గీకకుండా మిగిలిన ఆకుపచ్చ పెచ్చును వేలితో చూపించాడు.

"ఇందాక నువ్వే చెప్పావుగా, ఇది రాసిన ఏడే పుట్టాడని."