డ్రైవర్ సీటు

ఇన్సూరెన్సు సర్వేయర్ ఇంకాసేపట్లో వస్తాడనగా, మెకానిక్ షెడ్డు గోడవారన తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది.

“బండి నువ్వే నడిపావని చెప్పవే,” అంది.

కూతురు చెయ్యి విడిపించుకుంది. ఆ ట్యాక్సీ ఆమెదే. ఇల్లు గడిచేది దాని మీదే. మొన్న ఆమె జ్వరంతో పడుకుని ఉంటే, తమ్ముడు చెప్పాపెట్టకుండా తాళాలు తీసుకుని, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని బజారుకి బయల్దేరాడు. మలుపు దగ్గర స్కూటరు మీద వస్తున్న ఓ టైలరును గుద్ది, ఆ కంగారులో కరెంటు స్తంభానికి కొట్టాడు. టైలరుకి కాలు విరిగింది. కారు ముందుభాగం నుజ్జయింది. తమ్ముడికి లైసెన్సు లేదు.

లైసెన్సు లేనివాడు నడిపాడంటే కంపెనీ పైసా ఇవ్వదని, బండి ఈ షెడ్డులోనే తుప్పు పడుతుందని, ఆ టైలరు వైద్యం ఖర్చు కూడా మన నెత్తినే పడుతుందని తల్లి వరసగా చెప్పుకుంటూ వచ్చింది. అన్నీ నిజాలే. కూతురికి ఊపిరాడనిది అందుకే.

“ఒక్క మాట కదే. బండి నీ పేరునే ఉంది, లైసెన్సూ ఉంది. ఇందులో ఎవరికి నష్టం చెప్పు?”

తమ్ముడు కాస్త దూరంలో పాత టైర్ల మీద కూర్చుని ఉన్నాడు. ప్రమాదం జరిగినప్పట్నుంచీ వాడు కడుపునిండా తిన్నది లేదు. అక్క తన వైపు చూసేసరికి లేచి వచ్చి, నిజం తానే చెప్పేస్తానన్నాడు. అంటూండగానే ఏడ్చేశాడు. ఆమె మనసు ఆగలేదు.

“నువ్వు నోరు మూసుకుని అక్కడే కూర్చో. నేను చూసుకుంటాను,” అంది.

సర్వేయర్ మాట తక్కువ మనిషి. బానెట్ లేపి లోపలికి టార్చి వేశాడు. పగిలిన రేడియేటర్‌నీ, వంగిన బంపర్‌నీ ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత తలుపు తీసి డ్రైవర్ సీటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

“సీటు ఇంత వెనక్కుందేమిటమ్మా? మీకు బ్రేకు అందుతుందా?”

బండిని లాక్కొచ్చిన వాళ్ళు జరిపి ఉంటారని ఆమె చెప్పింది. ఆయన ఆమె ఎత్తునోసారి, టైర్ల మీద కూర్చున్న తమ్ముడి ఎత్తునోసారి చూశాడు.

“నడిపింది మీరేనా?”

“నేనే సార్.”

ఆయన ఇక రెట్టించలేదు. ఆమె చెప్పింది రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. పోలీసు స్టేషన్లోనూ ఇదే చెప్పాలని గుర్తుచేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఆమె వెళ్ళి అక్కడా అదే చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు తడుముకోలేదు. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆసుపత్రికి వెళ్తే టైలరు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఎవరు గుద్దారో, ఎలా గుద్దారో తాను చూడలేదని, కళ్ళు తెరిచేసరికి ఇక్కడున్నానని చెప్పాడు. ఆపరేషన్ చేసి కాల్లో రాడ్డు వేస్తారట.

“కాలితో తొక్కే మిషనుకి ఇక సెలవే. కరెంటు మిషను కొనిపించే వంక దొరికింది,” అని భార్య వైపు చూసి నవ్వాడు. “నువ్వేం కావాలని గుద్దలేదు కదమ్మా. ఊరికే కుమిలిపోకు.”

ఆయన నాలుగు తిట్టి ఉంటే ఆమెకి తేలికగా ఉండేది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

కొన్నాళ్ళకి క్లెయిము మంజూరైందని ఫోనొచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తమ్ముడు పళ్ళెం ముందు కూర్చుని మళ్ళీ పెట్టించుకుని తిన్నాడు. కొత్త బానెట్‌తో బండి ఇంటికొచ్చింది. ఆమె వాకిట్లో నిలబడి దాని అద్దాలు తుడుస్తుండగా పోలీసు జీపు వచ్చి ఆగింది.

ఎస్సై తొందరపడకుండా మాట్లాడాడు. ఆపరేషన్ బాగానే జరిగిందట. తర్వాత కాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరిందట. టైలరు ఆ ఉదయమే చనిపోయాడు.

ఆసుపత్రిలో మంచం పక్కన చూసిన అతని భార్య ముఖం ఆమె కళ్ళముందు మెదిలింది. ఎస్సై ఇంకా ఏదో చెబుతున్నాడు. ఇది ఇప్పుడు మనిషి ప్రాణం పోయిన కేసని, లైసెన్సు స్వాధీనం చేయాలని, తనతో స్టేషనుకి రావాలని. జైలు అన్న మాట ఆమెకి చివర్లో వినపడింది.

“నేను నడపలేదు సార్,” అంది.

ఎస్సై విసుగ్గా చూశాడు. “మీరే కదమ్మా స్టేషనుకొచ్చి చెప్పింది?”

“అబద్ధం చెప్పాను. క్లెయిము కోసం చెప్పాను. దానికి శిక్ష వేస్తే పడతాను. బండి నడిపింది మా తమ్ముడు. అమ్మ వాడి పక్కనే కూర్చుంది, అడగండి.”

గడపలో తల్లీ, ఆమె వెనక తమ్ముడూ నిలబడి ఉన్నారు. తమ్ముడు పెదవులు కదిపి ముందుకి రాబోయాడు. తల్లి వాడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది.

“చెప్పమ్మా,” అంది కూతురు.

తల్లి ఆమె వైపు చూడలేదు. ఎస్సైకి చేతులు జోడించబోయి, కొడుకు చెయ్యి వదల్లేక ఒక్క చెయ్యే పైకెత్తింది.

“నడిపింది ఇదే బాబూ. భయానికి ఏదో అంటోంది, మీరేం అనుకోకండి.”