పిడికిలి తాత

పాప గొంతులో ముల్లు గుచ్చుకుంటుందేమో. ఈ లోకంలో ఆ తల్లికి అన్నిటికంటే పెద్ద భయం అది.

అందుకే చేపల బజారు వైపు వెళ్ళడం మానేసి, డబ్బాలో వచ్చే ట్యూనా చేప కొనడం మొదలుపెట్టింది. డబ్బా చేపకి ముళ్ళుండవని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఆమెకే గుర్తులేదు.

కొట్లో రెండు రకాలుండేవి. పెద్ద ముక్కలది ఖరీదు. పొడి పొడిగా ఉండేది చవక. ఎలాగూ మెదిపి పెట్టేదేగా అని పొడి రకమే తెచ్చేది.

ఆ మేడ మీద గదులన్నిటికీ కలిపి వంటగది ఒక్కటే.

డబ్బా కోసిన చప్పుడైతే చాలు, చివరి గది తలుపు తెరుచుకునేది. అందులో ఒంటిగా ఉండే ముసలాయన చేతులు కడుక్కుని వచ్చి నిలబడేవాడు.

"ఇటివ్వమ్మా, నేను మెదిపి పెడతాను. నువ్వు ఉల్లిపాయలు తరుక్కో."

నీళ్ళు వంపేసి, చేపని పళ్ళెంలో పరిచి, వేళ్ళతో నలుపుతూ కూర్చునేవాడు. ఎంతకీ తెమిలేది కాదు.

"చెంచా ఉందిగా తాతా."

"చెంచాకేం తెలుస్తుందమ్మా."

పని అయ్యాక పిడికిలి మూసుకుని లేచేవాడు. ఆ పిడికిలి అలాగే మూసుకుని తన గదికి వెళ్ళిపోయేవాడు.

పక్క గదిలో బట్టలు కుట్టే అక్క కళ్ళు సూదికన్నా చురుకు.

"చూశావా ఆ పిడికిలి? రోజూ ఒక ముద్ద గుటకాయస్వాహా. మీ పాప నోటి దగ్గరది."

"నిజమే అక్కా. నేనే గమనించలేదు."

"దొంగపిల్లి అయినా కాస్త సిగ్గుపడుతుంది. పిడికిలి తాతకి అదీ లేదు."

ఆ పేరు మేడంతా పాకింది. ఆయన మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు పిడికిలి బిగించి చూపించడం, మిగతావాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం. పాప ఒక్కతే ఆయన్ని చూసి చేతులు చాచేది. పసిపిల్ల, దానికేం తెలుసు అనుకున్నారు.

ఒకరోజు ఆయన వెళ్ళబోతూ ఆగి అన్నాడు.

"ఈసారి ముక్కల రకం కొనమ్మా. ఈ పొడి రకం వద్దు."

అక్క అక్కడే ఉంది.

"ఓహో. ముక్కలైతే పిడికిట్లో పట్టడానికి వీలనా?"

ఆయన తన గది వైపు అడుగేశాడు.

పాప తల్లికీ ధైర్యం వచ్చింది. దారికి అడ్డంగా నిలబడింది.

"ఏదీ, పిడికిలి విప్పు."

"ఎందుకులేమ్మా. చూస్తే నీకు నిద్ర పట్టదు."

"దొంగకి పట్టకూడదు గానీ మాకెందుకు పట్టదు?" అంది అక్క.

ఆయన ఆమె వైపు చూశాడు, ఆమె చంకలో పాప వైపు చూశాడు. పిడికిలి ఇంకా బిగించాడు.

"ఆకలైతే అడుక్కో తాతా, ఓ ముద్ద పడేస్తాను. నా బిడ్డ తిండిలో చెయ్యి పెట్టకు."

అంతటితో ఊరుకోలేదు. ఇద్దరూ కలిసి మేడ అద్దెకిచ్చిన ఇంటాయన దగ్గరికి వెళ్ళారు. ఆ చేతివాటం మనిషి ఉంటే మేం ఉండం అన్నారు. ఇంటాయన రెండో మాట అడగలేదు.

ముసలాయన ఒక సంచీతో దిగిపోయాడు. తన గదిలో పెంచిన పుదీనా కుండీని మాత్రం దిగే ముందు వంటగది కిటికీలో పెట్టాడు.

"పాప దీని ఆకులు నలుపుతూ ఆడుకుంటుంది. కాస్త నీళ్ళు పొయ్యండమ్మా."

ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగలేదు.

"పీడ విరగడైంది," అంది అక్క.

మర్నాడు పాప తల్లి హాయిగా వంటకి దిగింది. బంగాళాదుంపలు ఉడికించి, ఉల్లిపాయలు, మిరియాల పొడి కలిపి, డబ్బా బోర్లించి చెంచాతో మెదిపింది. చిటికెలో అయిపోయింది. బిళ్ళలు చేసి పెనం మీద కాల్చింది.

"చూశావా ఎన్నొచ్చాయో," అంది అక్క. "మరి దొంగ లేడుగా."

రెండో ముద్దకే పాప మొహం కందిపోయింది. ఏడుద్దామన్నా గొంతు రాలేదు.

ఆమె చేతిలో పళ్ళెం జారిపోయింది. అక్క పాపని బోర్లా పట్టుకుని వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. గోరంత ముల్లొకటి నేల మీద పడింది. ఆ తర్వాత పాప ఏడుపు వినిపించింది.

తల్లి ముల్లు కాగితంలో చుట్టుకుని, పాపని ఎత్తుకుని కొట్టుకి పరుగెత్తింది.

"డబ్బా చేపలో ముల్లేమిటయ్యా? బిడ్డ ప్రాణం పోయేది."

కొట్టతను తూకం మీంచి తల ఎత్తలేదు.

"పొడి రకం కదమ్మా. ముక్కలు కోసుకోగా వెన్ను దగ్గర మిగిలింది గీకి నింపుతారు. ముల్లు రాకపోతేనే వింత. ఏరుకునే వండుకుంటారు ఎవరైనా."

"ఇన్నాళ్ళ నుంచీ కొంటున్నాను. ఒక్కటంటే ఒక్కటి రాలేదు."

"అయితే మీ ఇంట్లో ఎవరో ఏరిపెడుతున్నారు."

ఆమె పాపతో మేడకి తిరిగొచ్చింది. వంటగది కిటికీలో పుదీనాకి నీళ్ళు పోయబోతూ, మొదట్లో మట్టిని వేలితో కదిపింది.

వేలికి గుచ్చుకుంది.

కాస్త లోతుగా తవ్వింది. సన్నవీ, పొట్టివీ, వంకరవీ. కుండీలో మట్టికన్నా ముళ్ళే ఎక్కువున్నాయి.

అక్క తొంగిచూసి, కుట్టాల్సిన జాకెట్టు ఏదో గుర్తొచ్చినట్టు గదిలోకి వెళ్ళిపోయింది. ఇంటాయన మాత్రం తీరుబడిగా పళ్ళు కుట్టుకుంటూ చెప్పాడు, ఆ ముసలాయనకి చేప వాసనే పడదట, ఎప్పుడూ ముట్టి ఎరగడట. ఈ సంగతి ఇంటాయనకి ముందే తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మీ మేడ మీదకి గానీ, మీ వీధిలోకి గానీ ఈమధ్య ఒక ముసలాయన ఒంటరిగా వచ్చి దిగాడా? డబ్బా కోసిన చప్పుడికి లేచి వస్తున్నాడా? వెళ్ళేటప్పుడు పిడికిలి విప్పడం లేదా? అయితే ఒక్కసారి ఆయన తలుపు తట్టి, అన్నం తిన్నాడో లేదో చూసి రండి.