కోడలి కంట్లో చుక్క

"నువ్వు వేసేది మందా, విషమా? వేసినకొద్దీ చూపు మసకేస్తోంది" అంది అత్త, కోడలి చేతిలోని సీసా వంక చూస్తూ.

కంటి లోపలి ఒత్తిడి తగ్గడానికి డాక్టరు రాసిన బీటా బ్లాకర్ చుక్కలవి. అత్తకు చెయ్యి వణుకుతుంది కాబట్టి రోజూ కోడలే వేస్తోంది. రోజూ ఆ మాటే పడుతోంది. ఆ పొద్దున ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"విషమైతే ముందు నేనే చస్తాను, చూడండి" అంటూ తల వెనక్కి వాల్చి, తన కళ్లలో చెరో చుక్క వేసుకుంది.

కాసేపటికి, ఎన్నాళ్లుగానో అణిగి ఉన్న ఉబ్బసం ఆమెకు ఒక్కసారిగా తిరగబెట్టింది. ఊపిరి అందక వంటగదిలో కూలబడింది. అత్త చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి బండి పిలిచింది. సీసా గుప్పిట్లో పట్టుకుని కోడల్ని ఆసుపత్రిలో చేర్పించింది.

"కంట్లో వేసినా ఈ మందు ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు వేసుకోకూడదు. ఎవరు వేసుకోమన్నారు?" అన్నాడు డాక్టరు.

"నేనే. విషమని దెప్పాను, దానికి రోషం వచ్చింది" అంది అత్త.

ఆక్సిజన్ మాస్కుతో పడుకున్న కోడలు కళ్లు తెరిచింది. అత్త మంచం మీదికి వంగింది.

"రేపు కూడా నా కళ్లలో నువ్వే వెయ్యాలి. ఇంకోసారి నీ కళ్లలో వేసుకున్నావో, ఆ చెయ్యి విరగ్గొడతాను."